ఉపేక్ష యెరుగని గురువు: కోచ్ పాట్ సమిట్

కళాశాల క్రీడలనగా తరగతులు ముగిసిన పిదప సాయంకాలము మైదానమున జరుగు వినోదమనియు, ఏడాదికొక పర్యాయము అంతర్విశ్వవిద్యాలయ పోటీలకు పోయివచ్చు నాలుగు దినముల ప్రయాణమనియు మాత్రమే ఎరిగిన మన పాఠకులకు, అమెరికాలో ఒక విశ్వవిద్యాలయపు బాస్కెట్‌బాల్ జట్టు ఆటను చూచుటకు ఇరువది వేలమంది టిక్కెట్టు కొని కూర్చుందురనినను, ఆ జట్టు కోచ్ జీతము పెక్కుచోట్ల విశ్వవిద్యాలయాధ్యక్షుని జీతమును మించియుండుననినను ఆశ్చర్యము కలుగక మానదు. అయితే ఆ వైభవమంతయు చిరకాలము పురుషుల ఆటకే పరిమితమై యుండెను. స్త్రీలకు ఆట యున్నను ప్రేక్షకులు లేరు. జట్టున్నను ధనము లేదు. కోచ్ అను పేరున్నను అది వ్యాయామోపాధ్యాయిని తీరిక వేళల చేయు చాకిరియే గాని వృత్తి కాదు. ఆ చాకిరిని వృత్తిగాను, ఆ వృత్తిని ఒక మహావిద్యగాను మార్చినవారిలో అగ్రగణ్యురాలు పాట్ సమిట్. 1974 మొదలు 2012 వరకు, 38 సీజన్లు, ఆమె టెనెసీ విశ్వవిద్యాలయ స్త్రీల జట్టునకు కోచ్‌గా నుండెను. ఆమె జట్లు గెలిచిన ఆటలు 1,098, ఓడినవి 208, జాతీయ చాంపియన్‌షిప్‌లు 8. గెలుపులకంటె ఓటములు ఎక్కువైన సీజను ఆమె జీవితమున ఒక్కటియు లేదు.

నేనిచట ముఖ్యముగా చెప్పదలచినది ఆమె కాఠిన్యమును గూర్చి. ఆడపిల్లల ఆట యనగానే లోకము కొంత మెత్తబడి, కొంత నవ్వి, ఎట్లాడినను బాగుగనే యున్నదని చేతులు తట్టి ఊరకుండెడి కాలమున, ఆమె తన శిష్యురాండ్రను ఏనాడును అట్లు విడిచిపెట్టలేదు. ఆ మెత్తదనము దయ వలె కనబడినను నిజమునకు తృణీకారమే. పాట్ సమిట్ కాఠిన్యము ఆ పిల్లలకు దొరికిన మొదటి గౌరవమని నా నమ్మకము.

తరువాత పాట్ సమిట్‌గా పేరొందిన ప్యాట్రీషియా స్యూ హెడ్ 1952 జూన్ 14న టెనెసీ రాష్ట్రమునందలి క్లార్క్స్‌విల్ పట్టణమున జన్మించెను. తండ్రి రిచర్డ్ హెడ్ రైతు. పాడియు పొగాకును ఆ యింటికి జీవనాధారములు. ముగ్గురన్నల తరువాత పుట్టిన ఆమెకు ఆడపిల్ల యను కారణమున ఏ పనియు తగ్గించి యిచ్చినవారు లేరు. పాలు పితుకుట, పొగాకు నరకుట, ఎండుగడ్డి కట్టలు మోయుట, ట్రాక్టరు తోలుట అన్నల కెంతయో ఆమెకును అంతయే. పశువులకు సెలవు దినములు లేవని తండ్రి తరచుగా చెప్పెడివాడట. పగలంతయు పనిచేసిన పిమ్మట కొట్టముపై గడ్డి దాచు అటకమీద, అక్కడనే అమర్చుకొన్న బుట్టక్రింద, అన్నలతో కలసి బాస్కెట్‌బాల్ ఆడుట ఆమెకు నిత్యకృత్యము. చెల్లెలు గదా యని అన్నలు పక్కకు తొలగి దారి యిచ్చెడి ఆట కాదది. ఉన్నత పాఠశాలలో చేరవలసిన వేళకు క్లార్క్స్‌విల్ బడిలో ఆడపిల్లలకు జట్టు లేకపోగా, మితభాషియగు ఆ తండ్రి కాపురమునే కౌంటీ పొలిమేర దాటించి హెన్రియెట్టా అను పల్లెకు మార్చెను. కూతురు బంతియాట కొరకు రైతు ఇల్లు మార్చుట 1960వ దశకమున ఏ దేశమందును సామాన్యమైన సంగతి కాదు.

ఆనాటి టెనెసీ పాఠశాలలలో ఆడపిల్లలాడిన బాస్కెట్‌బాల్ నేడు మనమెరిగిన ఆట కాదు. పక్షమునకు ఐదుగురు గాక ఆరుగురు. అందు ముగ్గురు మైదానమున ఒక సగముననే యుండి బుట్టలో బంతి వేయుటకు ప్రయత్నింతురు, తక్కిన ముగ్గురు రెండవ సగమున నిలిచి ఎదుటివారిని అడ్డుకొందురు. నడిమి గీతను దాటు హక్కు ఎవరికిని లేదు. మైదానమంతటను పరుగెత్తుట స్త్రీ శరీరము తట్టుకొనలేదను భావమే దీనికి మూలము. ఇందువలన ఎంత నేర్పరియగు బాలికకైనను సగము ఆట మాత్రమే అబ్బెడిది. బుట్ట వేయ నేర్చినది అడ్డుకొన నేర్వదు, అడ్డుకొన నేర్చినది జీవితమున ఒక్క బుట్టయైనను వేయదు. ఐదుగురి ఆటను ఎన్నుకొనిన కళాశాలలకు అట్టి పిల్లలతో పని యుండదు గావున స్కాలర్‌షిప్‌లును వారికి దూరమే. తరువాతి కాలమున పాట్ తాను కోచ్ అయిన పిదప ఈ పద్ధతిని బహిరంగముగా ఎదిరించెను. సొంత రాష్ట్రపు పిల్లలనైనను ఆ సగపు ఆట నేర్చివచ్చినచో తన జట్టులో చేర్చుకొనజాలనని ఆమె చెప్పుట పాఠశాల క్రీడాధికారులకు గట్టిగా తగిలెను. 1970వ దశకాంతమునకు టెనెసీ ఐదుగురి ఆటకు మారెను. ఆమె గెలిచిన చాంపియన్‌షిప్‌లకంటె ఈ మార్పే ఆ రాష్ట్రపు బాలికలలో ఎక్కువమందికి మేలు చేసినదని చెప్పవచ్చును.

మార్టిన్ పట్టణమునందలి టెనెసీ విశ్వవిద్యాలయ శాఖలో ఆమె చదివెను. అన్నలకు ఆటవలన స్కాలర్‌షిప్‌లు వచ్చినవి. ఆమెకు మాత్రము తలిదండ్రులే రుసుము కట్టిరి, ఏలననగా స్త్రీలకు అట్టివి లేవు. జట్టు కంతటికి ఒకే జత దుస్తులుండుటచే, వరుసగా మూడాటలు ఆడవలసి వచ్చినప్పుడు ఉతుకకయే మూడుమార్లు తొడిగికొన్నామని ఆమె తరువాత జ్ఞాపకము చేసికొనెను. చివరి సంవత్సరమున మోకాలి కీలులోని బంధనము తెగెను. ఆ కాలమున అది చాలమంది ఆటకు ముగింపు. ఆట మాట మరువుమని వైద్యుడు చెప్పగా, ఆమె ఒలింపిక్స్‌కు పోవలసియున్నది, మోకాలు బాగుచేయుడని తండ్రి పట్టుబట్టెనట. అప్పటికి ఒలింపిక్స్‌లో స్త్రీల బాస్కెట్‌బాల్ ఆడబడనేలేదు. 1976 మాంట్రియల్ క్రీడలతోనే అది మొదలు కావలసియుండెను.

1972లో అమెరికా కాంగ్రెసు చేసిన విద్యాచట్టమునందలి తొమ్మిదవ భాగము, కేంద్రప్రభుత్వ ధనము పొందు ఏ విద్యాసంస్థయు స్త్రీపురుష భేదము పాటింపరాదని శాసించెను. ఆ వాక్యమున క్రీడల ప్రసక్తియే లేదు. అయినను దాని ఫలితము ఎక్కువగా కనబడినది క్రీడలయందే. అయితే అది క్రమక్రమముగా, వ్యాజ్యములతోను వాగ్వాదములతోను, పదేండ్లకు పైగా కాలము తీసికొనెను. 1974లో నాక్స్‌విల్‌నందలి ప్రధాన విశ్వవిద్యాలయములో చదువు కొనసాగించుచు సహాయకురాలిగా పనిచేయుటకు పాట్ వచ్చునప్పటికి, అక్కడ స్త్రీల జట్టు కోచ్‌గా నున్నామె అకస్మాత్తుగా తొలగిపోయెను. సహాయకురాలిగా వచ్చిన 22 ఏండ్ల పిల్ల ప్రధాన కోచ్ అయ్యెను. జీతము నెలకు 250 డాలర్లు. ఆమె జట్టులో కొందరికిని ఆమెకును వయసులో తేడా ఒక్క సంవత్సరమే.

ఆ మొదటి సీజను రీతిని కొంచెము దగ్గరగా చూడదగును. జట్టు దుస్తులు అంతకు ముందు సంవత్సరము డోనట్లు అమ్మగా వచ్చిన సొమ్ముతో కొన్నవి. ఆట ముగిసిన తరువాత వానిని ఉతుకు పని కోచ్‌దే. పొరుగూరికి ఆటకు పోవలసివచ్చినచో వ్యాను నడుపునదియు కోచే. హోటలు గదులకు సొమ్ము లేక, ఆ కాలమున ఒకమారు ఎదుటి జట్టు వ్యాయామశాలలోనే చాపలు పరచుకొని ముందటి రాత్రి నిద్రించిరట. తెల్లవారినంతట ఆ నేలమీదనే ఆ యింటివారితో పోటీ. తాను చదువుకొనవలసినది ఒకప్రక్క, బోధింపవలసిన తరగతులు ఒకప్రక్క, తెగిన మోకాలిని ఒలింపిక్స్‌కు సిద్ధము చేసికొనుట మరియొకప్రక్క. 1974 డిసెంబరులో మర్సర్ విశ్వవిద్యాలయముతో ఆడిన తొలి ఆటలో 84–83, ఒకే ఒక పాయింటు తేడాతో, ఓడిరి. సీజను ముగియు వేళకు 16 గెలుపులు, 8 ఓటములు. రెండేండ్ల తరువాత మాంట్రియల్‌లో అమెరికా జట్టునకు సహనాయకురాలిగా ఆమె వెండి పతకము తెచ్చుకొనెను. ఎనిమిదేండ్లు గడచిన పిదప లాస్ ఏంజిలిస్‌లో ఆ దేశపు జట్టునకే కోచ్‌గా బంగారు పతకము.

మొదటి దినపు ప్రాక్టీసులో ఆమె పెట్టిన పరుగులకు తాళలేక నలుగురు పిల్లలు పరుగు మధ్యలోనే తలుపు దాటి వెడలిపోయి మరల రాలేదని చెప్పుకొందురు. మరియొక సందర్భమున, కొందరు నియమము తప్పి రాత్రి విందులలో పొద్దుపుచ్చిరని తెలియగా, మరునాడు వ్యాయామశాల నాలుగు మూలలను నాలుగు చెత్తడబ్బాలు పెట్టించి, వాంతి వచ్చినవారు అందులో కక్కుకొని మరల పరుగెత్తవలెనని జట్టును పరుగెత్తించెను. దీనిని నేను మెచ్చుకొనుచున్నానని పాఠకులు తలపవలదు. నేడట్టి శిక్షను ఏ విశ్వవిద్యాలయమును అనుమతింపదు, అనుమతింపకుండుటయే న్యాయము. వయసు వచ్చినకొలది ఆమెయు చాల మారెను. కాని ఒక సంగతి గమనింపదగినది. ఆనాడు పురుషుల జట్లకు అట్టి కఠినశిక్షణ సర్వసాధారణము. స్త్రీలను ఎవ్వరును అంతగా అడిగియే యుండలేదు. ఆమె కనులు నీలివి. ఆ చూపు పడినప్పుడు కలిగెడి భయమును గూర్చి ఆమె శిష్యురాండ్రందరును చెప్పిరి. ఆ చూపు తమనుండి తప్పుకొన్న దినముననే ఎక్కువ భయపడెడివారమనియు వారే చెప్పిరి.

కాఠిన్యమున్నంత మాత్రమున విజయము వెంటనే రాలేదు. అమెరికా కళాశాలల పోటీలో చివరకు మిగులు నాలుగు జట్ల దశను ఫైనల్ ఫోర్ అందురు. అచటికి చేరుటయే ఒక బిరుదు వంటిది. 1977 మొదలు 1986 వరకు టెనెసీ ఏడు మార్లు ఆ దశకు చేరి ఏడు మార్లును వట్టి చేతులతో తిరిగివచ్చెను. అందులో మూడు మార్లు ఫైనల్ ఆటలోనే ఓటమి. ఎంత దూరము వచ్చినను గడప దాటలేని కోచ్ అను పేరు ఆమెకు అంటుకొనుచుండెను. 1987లో టెక్సస్ రాష్ట్రపు ఆస్టిన్ నగరమున ఆమె జట్టు లూసియానా టెక్ జట్టును 67–44తో ఓడించి తొలి చాంపియన్‌షిప్ గెలుచుకొనెను. ఎదుటివారి అంకెను చూడుడు: నలువది నిమిషములలో 44 పాయింట్లు! ఆమె ఆటకు ఆయువుపట్టు అక్కడనే యున్నది. బుట్టలు వేయుట చూచువారికి ఇంపు. ఎదుటివారిని వేయనీయకుండుట గెలుపు. తప్పిన బంతి బుట్టనుండి వెనుకకు ఎగిరిపడినప్పుడు దానిని ముందుగా అందుకొనుట చాంపియన్‌షిప్. ఆమె బోధ సారాంశమిది. అందులో మొదటిదానికి ప్రతిభ కావలెను. తక్కిన రెండింటికి పట్టుదల చాలును, పట్టుదలను నేర్పవచ్చునని ఆమె నమ్మెను. ప్రాక్టీసులో తన పిల్లలకు ఎదురుగా విశ్వవిద్యాలయపు మగ విద్యార్థులను నిలిపి ఆడించెడిది. తమకంటె ఎత్తును బలమును గలవారి మీదుగా నిత్యము బంతి వేయుటకు అలవాటుపడినవారికి అసలు ఆటలో ఎదురువచ్చిన జట్టు తేలికగా తోచెడిది. సులభముగా గెలువదగిన జట్లను వెదకి గెలుపుల లెక్క పెంచుకొనుట ఆమెకు రుచింపదు. దేశములోని గట్టి జట్లతోనే ఏటేట ఆటలు కుదుర్చుకొనెడిది.

కళాశాల కోచ్ పనిలో ఆట నేర్పుట ఒక భాగమే. దానికి ముందు పిల్లలను సంపాదింపవలెను. వృత్తి జట్లవలె జీతమిచ్చి కొనుటకు వీలులేదు. పాఠశాల చదువు ముగియనున్న బాలికల ఇండ్లకు పోయి, వారి కుటుంబములయెదుట కూర్చుండి, నాలుగేండ్లు మీ బిడ్డను నాకప్పగింపుడని అడుగవలెను. ఇతర విశ్వవిద్యాలయముల కోచ్‌లును అదే సోఫాలో నిన్న కూర్చుండి పోయియుందురు, రేపు మరికొందరు వత్తురు. ఈ పనికై ఆమె చేసిన ఒక ప్రయాణము అమెరికా క్రీడాలోకమున కథయై నిలిచెను. 1990 సెప్టెంబరు. అనేక పర్యాయములు గర్భస్రావమై దుఃఖించిన పాట్‌కు అప్పుడు నెలలు నిండియున్నవి. అయినను పెన్సిల్వేనియా రాష్ట్రపు అల్లెన్‌టౌన్ పట్టణమున మిషెల్ మార్సినియాక్ అను బాలిక ఇంటికి పోవుటకు ముందే కుదుర్చుకొన్న మాట తప్పుట ఆమెకు ఇష్టము లేకపోయెను. ఆ యింటిలో మాటలాడుచుండగనే ప్రసవలక్షణములు ఆరంభమాయెను. చెప్పవలసినది త్వరగా ముగించి, సహాయకురాలితో కూడ విశ్వవిద్యాలయపు చిన్న విమానమెక్కి తిరుగుప్రయాణమయ్యెను. నొప్పులు హెచ్చగా త్రోవలో వర్జీనియా రాష్ట్రమున దింపుదుమని పైలట్లు తొందరపడిరి; ఆమె యొప్పుకొనలేదు.

ఆ మొండితనమునకు కారణము లేకపోలేదు. ఆ సంవత్సరపు ఫైనల్ ఫోర్ నాక్స్‌విల్‌లోనే, టెనెసీ సొంత మైదానముననే, జరుగవలసి యుండగా, దానికి ముందటి ఆటలో అదనపు సమయమున వర్జీనియా విశ్వవిద్యాలయము వారిని ఓడించి ఇంటిముంగిటి పండుగకు ఆ యింటివారినే దూరము చేసెను. ఆ నేలమీద తన బిడ్డ పుట్టరాదు! విమానము నాక్స్‌విల్ చేరెను. టైలర్ అను కుమారుడు టెనెసీలోనే పుట్టెను. మరుసటి వసంతమున చాంపియన్‌షిప్ ఫైనల్‌లో ఎదురైనది ఆ వర్జీనియాయే. మరల అదనపు సమయమే. ఈ మారు 70–67తో టెనెసీ గెలిచెను. మార్సినియాక్ మాత్రము మొదట వేరొక విశ్వవిద్యాలయమును ఎన్నుకొని, ఒక్క సంవత్సరము గడచిన పిమ్మట టెనెసీకి మారి వచ్చెను. 1996 చాంపియన్‌షిప్‌లో ఫైనల్ ఫోర్ ఉత్తమ క్రీడాకారిణి బహుమానము ఆమెదే.

నాలుగేండ్లు అప్పగింపుడని అడిగిన మాటకు పాట్ ఎంతగా కట్టుబడినదో చదువు విషయమున తెలియును. ఆమె పిల్లలు తరగతిలో మొదటి మూడు వరుసలలోనే కూర్చుండవలెను. తరగతి మానినచో ఆట లేదు. ఎంతటి ప్రసిద్ధురాలైనను, ఎంతటి ముఖ్యమైన ఆట ముందున్నను దీనికి మినహాయింపు లేదు. ఆమె వద్ద నాలుగేండ్ల ఆటకాలమును పూర్తిచేసిన ప్రతి క్రీడాకారిణియు పట్టము పుచ్చుకొనియే వెళ్లెను. ఆటగాండ్ర చదువు పేరునకు మాత్రమే యుండెడి అలవాటు అమెరికా కళాశాలలలో ఎంత వేరూరినదో ఎరిగినవారు, 38 సంవత్సరములు తప్పని ఈ నియమమునకు ఎనిమిది చాంపియన్‌షిప్‌లతో సమానమైన విలువ ఇయ్యవలసియుండును. మరియొక ఆచారమును ఆమె పాటించెను. దూరప్రాంతములనుండి వచ్చిన పిల్లలకు వారి చదువు ముగియులోపల వారి సొంత ఊరికి సమీపమున ఒక ఆట ఏర్పాటు చేసెడిది; బామ్మలును, చిన్ననాటి ఉపాధ్యాయులును, ఇరుగుపొరుగువారును వచ్చి చూతురని.

బామ్మ యనగా షమీక్ హోల్డ్స్‌క్లా ప్రస్తావన రాక తప్పదు. న్యూయార్క్ నగరపు క్వీన్స్ భాగమున, ప్రభుత్వము కట్టించిన అపార్టుమెంటులలో, ఆమెను పెంచినది బామ్మయే. ఆ వృద్ధురాలు ఆట నైపుణ్యముకంటె క్రమశిక్షణ యెక్కడ దొరకునని చూచి టెనెసీవైపు మొగ్గెను. హోల్డ్స్‌క్లా నాలుగేండ్లలో మూడు చాంపియన్‌షిప్‌లు వరుసగా వచ్చెను: 1996, 1997, 1998. నడిమి సంవత్సరపు జట్టు పది ఆటలు ఓడియు చివరకు గెలిచినది. తరువాతి జట్టు 39 ఆటలాడి ఒక్కటియు ఓడలేదు. ఆ జట్టున షమీక్, సెమీకా, టమీకా అను ప్రాసవంటి పేర్లుగల ముగ్గురుండిరి. మూడవ బాలిక టమీకా క్యాచింగ్స్ పుట్టుకతోనే రెండు చెవులను వినికిడి లోపము గలది. చిన్ననాట తోటిపిల్లలు గేలిచేయగా వినికిడి యంత్రములను పొలములో విసరివేసి, నాటినుండి పెదవుల కదలికను చూచియే మాట గ్రహించుకొనుచు పెరిగినది. అంతటి క్రీడాకారిణి ఆ లోపమును దాచుకొని నెట్టుకొనివచ్చుచుండగా, పాటును జట్టు వైద్య సిబ్బందియు దానిని కనిపెట్టి, యంత్రములు మరల పెట్టుకొనుమని, మాట స్పష్టమగుటకు శిక్షణ తీసికొనుమని నచ్చచెప్పిరి. నీవు లోకమునకు ఆదర్శము కావచ్చును గదా అని ఆమెను ఒప్పించినది పాట్. క్యాచింగ్స్ తరువాత నాలుగు ఒలింపిక్స్ బంగారు పతకములు గెలిచెను. అదే కోచ్ ఈ పిల్లనే ప్రాక్టీసులో నిలువునీయక పరుగెత్తించినది. అరచుటకును ఆదుకొనుటకును ఆమెలో వేర్వేరు మనుష్యులు లేరు.

టెనెసీ పురుషుల జట్టునకు కోచ్ కమ్మని విశ్వవిద్యాలయమువారు రెండు పర్యాయములు అడిగిరి. రెండుమార్లును ఆమె వలదనెను. దానిని పదోన్నతిగా ఆమె ఎన్నడును తలపలేదు. స్త్రీల ఆటనుండి పురుషుల ఆటకు పోవుట మీదికి ఎక్కుట యెట్లగునని ఆమె ప్రశ్న. 2005 మార్చిలో 880వ గెలుపుతో, పురుషుల ఆటలో కోచ్ డీన్ స్మిత్ పేరిటనున్న రికార్డును దాటగా, విశ్వవిద్యాలయమువారు తమ మైదానపు నేలకు ఆమె పేరు పెట్టిరి. 2006లో ఏటికి పది లక్షల డాలర్లకు మించిన జీతము పొందిన తొలి స్త్రీల జట్టు కోచ్ అయ్యెను. కనెక్టికట్ విశ్వవిద్యాలయపు కోచ్ జీనో ఆరియెమ్మాతో ఆమెకు గల స్పర్ధ 1995 మొదలు పండ్రెండేండ్లపాటు స్త్రీల ఆటను టెలివిజనులో పెద్ద దృశ్యముగా చేసెను. ఆ రెండు జట్లు తలపడిన 22 ఆటలలో కనెక్టికట్ గెలిచినవే ఎక్కువ. 2007లో ఆమెయే ఆ ఆటలు మానివేసెను. ఆట అభిమానులకు అది తీరని లోటనియే నేననుకొందును. ఆ ఏటను, మరుసటి ఏటను, క్యాండేస్ పార్కర్ ముఖ్య క్రీడాకారిణిగా నుండగా, చివరి రెండు చాంపియన్‌షిప్‌లు వచ్చెను.

2011లో ఆమెకు 58 ఏండ్లు దాటుచున్న కాలమున జ్ఞాపకము తడబడజొచ్చెను. ఆట మధ్యలో ఏ వ్యూహము పిలువవలెనో తోచదు. సభ ఏ గంటకో గుర్తుండదు. ఎంత చిన్న వివరమునైనను మరువని మనిషికి ఇది ఎంతటి వేదనయో ఊహింపవచ్చును. మేయో క్లినిక్ వైద్యులు పరీక్షించి, వయసునకు ముందే వచ్చిన అల్జైమర్స్ తరహా చిత్తవైకల్యమని తేల్చిరి. ఆగస్టులో ఆమె స్వయముగా లోకమునకు ప్రకటించెను. అట్టి రోగమును ఇంటి నాలుగు గోడల నడుమ దాచుట ఎల్లదేశముల ఆచారము; ఆమె దానిని ప్రకటించి, ఆ సీజనునకు మరల కోచ్ కుర్చీలో కూర్చుండెను. ఆటలో ఆజ్ఞలిచ్చు భారము చాలవరకు హోలీ వార్లిక్ వహించెను. వార్లిక్ 1970వ దశకమున పాట్ వద్ద ఆడిన పిల్ల. 1985 నుండి ఆమె ప్రక్కనే సహాయకురాలు. ఆ సీజనున జట్టు 27 ఆటలు గెలిచి, తమ ప్రాంతీయ సమాఖ్య టోర్నమెంటును సాధించి, దేశమున చివరి ఎనిమిది జట్లలో నిలిచెను. అక్కడ బేలర్ విశ్వవిద్యాలయము 77–58తో ఓడించెను. నాటి బేలర్ కోచ్ కిమ్ మల్కీ 1984 ఒలింపిక్స్‌లో పాట్ శిక్షణలో ఆడి బంగారు పతకము పొందినామె. 2012 ఏప్రిల్‌లో పాట్ పదవినుండి విరమించెను. మే నెలలో అధ్యక్షుడు ఒబామా దేశపు అత్యున్నత పౌర పురస్కారమును ఆమెకిచ్చెను. ఆ రోగముపై పరిశోధనకు ఆమె నెలకొల్పిన సంస్థ నేటికిని పనిచేయుచున్నది. 2016 జూన్ 28న నాక్స్‌విల్‌లో, 64 ఏండ్ల వయసున, ఆమె కన్నుమూసెను.

స్త్రీల క్రీడలకు చట్టము తెచ్చిన ధనము, గౌరవము వెంట ఒక విచిత్రమును కూడ తెచ్చినవి. 1972కు ముందు అమెరికా కళాశాలల స్త్రీల జట్లకు పదింట తొమ్మిదింటికి పైగా స్త్రీలే కోచ్‌లు. జీతము లేని దినములలో ఆ చాకిరి వారిది. అది జీతముగల ఉద్యోగమైన పిదప పురుషులు పెద్ద సంఖ్యలో వచ్చిచేరి, కొన్ని దశాబ్దములలో స్త్రీల వంతు సగముకంటె తక్కువకు పడిపోయెను. తనవారికి జరిగిన ఈ నష్టమును పాట్ బాగుగ ఎరుగును. ఆమె చేసినదేమనగా, తన పిల్లలను ఆటగత్తెలుగా మాత్రమే గాక కోచ్‌లుగా కూడ తీర్చుట. ఒక ఆజ్ఞ వెనుకనున్న కారణమేమో చెప్పుమని వారిని నిలదీసెడిది. తనతో వాదించువారినే సహాయకులుగా ఎన్నుకొనెడిది. ఆమె తరువాత టెనెసీ జట్టును ఏడేండ్లు నడిపినది వార్లిక్. 2019లో ఆమె స్థానమునకు వచ్చిన కెల్లీ హార్పర్ 1996, 1997, 1998 చాంపియన్ జట్లు మూడింటను ఆడినది. నికీ ఫార్గస్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజిలిస్ శాఖకును, తరువాత లూసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయమునకును కోచ్ అయ్యెను. 2003 వరకు పాట్ వద్ద ఆడిన కారా లాసన్ 2020 నుండి డ్యూక్ విశ్వవిద్యాలయపు స్త్రీల జట్టును నడుపుచున్నది. వీరుగాక పాఠశాలలలోను, చిన్న కళాశాలలలోను, పత్రికలకెక్కని ఊళ్లలోను ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుచున్న ఆమె శిష్యురాండ్రు ఎందరో కలరు.